తీసెయ్యడానికి ఉద్యోగి, ఇయ్యడానికి సేవకురాలా?

పొద్దు పొడవకముందే తల్లులు కూలి ఆటోలెక్కి పత్తి తియ్యడానికీ, మిరప కొయ్యడానికీ ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు చేల వైపు పోతారు. వాళ్ల పసిపిల్లలను పట్టుకునేది అంగన్‌వాడీ టీచర్, ఆయా. 2023 డిసెంబరు 12న వాళ్లే రోడ్డెక్కారు. గుంటూరు, ప్రకాశం సహా రాష్ట్రమంతా లక్షకు పైగా ఆడవాళ్లు.

వాళ్లు కొండమీది కోతినేం అడగలేదు. తెలంగాణ కంటే వెయ్యి ఎక్కువిస్తానని పాదయాత్రలో జగన్మోహన్ రెడ్డి గారే అన్నారు. అప్పటికి తెలంగాణలో టీచర్‌కు 13,650 రూపాయలు, ఆంధ్రలో 11,500. ఆయాకు 7,000. గ్రాట్యుటీ కూడా అడిగారు. అంగన్‌వాడీలకు అది వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పింది కదా!

సర్కారు ఏం చేసింది? సెంటర్ల తాళాలు పగలగొట్టించి సచివాలయ సిబ్బందికి అప్పజెప్పింది. 2024 జనవరి 6న ఎస్మా పెట్టి ఆరు నెలలు సమ్మె నిషేధమన్నది. తర్వాత నోటీసులు. జనవరి 22న, విధుల్లో చేరనివాళ్లను తీసెయ్యండని కలెక్టర్లకు హుకుం.

జీతం పెంచమంటే 'మీది గౌరవ వేతనం, మీరు ఉద్యోగులు కారు' అంటారు. గ్రాట్యుటీ అడిగినా అదే పాట. టెంటు వేసుకుని కూర్చుంటే మాత్రం అత్యవసర సర్వీసు! పసిపిల్లలు, బాలింతలు పస్తులుంటారన్నారు. నిజమే, ఉంటారు. మరి అంత అత్యవసరమైన మనిషికి ఏడు వేలా? ఉద్యోగి కాని మనిషిని ఏ ఉద్యోగంలోంచి తీస్తారు? తీసేది ఒక్క ఆయాను కాదు. ముందు నిలబడ్డామెను తీసేస్తే, పక్క ఊరామె మళ్లీ యూనియన్ చందా పుస్తకం ముట్టుకోదు. వాళ్లకు కావలసిందీ అదే.

ఆంధ్ర పంచాయితీ మీకెందుకని మనోళ్లే అడుగుతారు. ఎందుకంటే ఆ పుండు మన ఒంటి మీదా ఉన్నది. 2011 సకల జనుల సమ్మెలో బస్సులు ఆపి కొట్లాడింది ఆర్టీసీ కార్మికులు. అదే కార్మికులు 2019 అక్టోబరులో సమ్మెకు దిగితే, మన రాష్ట్రంలో, మన ముఖ్యమంత్రే దాదాపు 48 వేల మందిని 'సెల్ఫ్ డిస్మిస్' అన్నారు. తమను తామే తీసేసుకున్నారట! 52 రోజులకు సమ్మె విరమించి డిపోలకు పోతే గేట్ల కాడ పోలీసులు అడ్డం. మూడు రోజులు తిప్పించుకున్నాకే డ్యూటీకి రానిచ్చారు. అప్పుడు చప్పట్లు కొట్టినోళ్లకు గుంటూరు అక్కచెల్లెళ్ల గురించి మాట్లాడే నోరు ఎక్కడిది?

అంగన్‌వాడీల సమ్మె 42వ రోజున, జనవరి 22 రాత్రి చర్చలతో ముగిసింది. సకల జనుల సమ్మె కూడా 42 రోజులే. కేసులు ఎత్తేస్తామన్నారు, జీతాలు జూలైలో పెంచుతామన్నారు. జూలై దాకా ఎక్కడిది, జూన్ 4న ఆ సర్కారే ఓడిపోయింది. పగిలిన తాళాల సెంటర్లలో మాత్రం సమ్మె ముగియగానే ఆయా మళ్లీ పప్పు పొయ్యి మీద పెట్టింది.