కలివికోడియు మేకల మందయు



గండికోట లోయను దాటిన పెన్నానది జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల మీదుగా పాఱి, సిద్ధవటము చెంత లంకమల కొండల ప్రక్కగా సాగిపోవును. ఆ కొండల దిగువనున్న కలివిపొదలలో కలివికోడి యను చిన్నపక్షి వసించును. ఇది పగలు పొదనీడ నొదిగియుండి, రాత్రివేళ నేలపై పరుగిడుచు పురుగులను ఏఱుకొని తినును.

1848లో జెర్డన్ అను వైద్యునివలన లోకమునకు తెలియవచ్చిన యీ పక్షి, 1900 తరువాత ఎవరికిని కానరాలేదు. అంతరించెనని పండితులు తలచిరి. 1986 జనవరిలో రెడ్డిపల్లె వద్ద బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారికి అది మరల దొరకెను. పట్టియిచ్చినవాడు ఆ ప్రాంతపు వేటగాడే. గ్రంథములు పోయినదన్న దానిని పల్లెవాడు ఎఱిగియుండెను. పిమ్మట 1988లో సుమారు 464 చదరపు కిలోమీటర్ల యడవి శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యముగా ప్రకటింపబడెను.

అభయారణ్యమనగా మన మందలను తోలివేయుటకే యని మనలో కొందఱి భయము. మనుష్యుడు, మేక అడుగిడకుండినగాని పక్షి బ్రదుకదని మఱికొందఱి వాదము. మా యభిప్రాయమున నీ రెండును సరికావు. పరిశీలకులు తేల్చిన సంగతి యేమనగా, కలివికోడి మిక్కిలి దట్టమగు పొదలలో నుండదు, బోడినేలలోను ఉండదు. నడుమ నడుమ వట్టినేల గల పలుచని పొదలనే కోరును. మితముగా మేయు మంద పొదను అట్లుంచగలదు. మితిమీఱి మేసినచో పొద చచ్చును. యంత్రములతో నేలను చదును చేసితిమేని పక్షికి నిలువనీడయే యుండదు.

తెలుగుగంగ కాలువ త్రవ్వకము 2005లో ఆ పక్షి నివాసమును తాకగా, తరువాత కాలువదారి మార్చబడినది. యోచించినచో నీటికిని పక్షికిని చోటు దొరకునని దీనివలన తెలియుచున్నది.

కావున అటవీ యధికారులు, కాపరులు, సహకార సంఘములవారు ఒకచోట కూర్చుండి, ఏ పొదనేలలో, ఏ మాసమున, ఎన్ని జీవములు మేయవచ్చునో నిర్ణయింపవలెనని మా కోరిక. ఆ నిర్ణయమును కాపరులచేత పాటింపజేయు భారమును సంఘములు వహింపవలెను. అభయారణ్యపు టంచుల పొదలను పెకలించుట మాత్రము నేడే మానవలెను.

పులివెందుల, జమ్మలమడుగు గుట్టల దిగువనున్న కంపనేలలకును ఇదే న్యాయము. మేతయు, వంటచెఱకును ఇచ్చుచు, వాననీటి కోతను ఆపుచున్న నేలను బంజరని యేల పిలువవలెను? సభ్యులు రాబోవు సమావేశమున నీ విషయమును చర్చింప ప్రార్థన.