వృద్ధుల పోషణము - దస్తావేజుల జాగ్రత్త

కొలది దినముల క్రిందట ఒక వృద్ధుడు మాయింటికి వచ్చెను. ముప్పది సంవత్సరములు బడిలో పాఠములు చెప్పినవాడు. 2021లో తన యిల్లు కుమారునకు దానపత్రము వ్రాసియిచ్చినాడు. అటుపిమ్మట భార్యకు పక్షవాతము వచ్చినది. ఆమెను లేపి కూర్చుండబెట్టుటకు, స్నానము చేయించుటకు రాత్రింబగళ్లు మనిషి కావలెను. ఆ మనిషికి జీతము కావలెను. కుమారుడు మాటలాడుటయే మానివేసినాడు. మేము దస్తావేజు చదివితిమి. “ప్రేమాభిమానములచేత” అనుమాట అందు మూడు మారులు గలదు. పోషణమును గూర్చి ఒక్క అక్షరమైన లేదు. ఏల వ్రాయింపలేదని యడుగగా, “కన్నకొడుకు చూడడేమో యని కాగితముమీద ఎట్లు పెట్టింతును బాబూ?” అనెను.

ఈ సంకోచమే మన పట్టణములలో పెక్కుకుటుంబములను చెఱచుచున్నది. దానపత్రము రిజిస్టరై, పుచ్చుకొన్నవాడు అంగీకరించిన పిమ్మట, ఇచ్చినవాడు తన యిష్టము చొప్పున రద్దుచేసికొనుటకు వీలులేదు. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 23వ సెక్షనులో ఇందులకొక మార్గము చూపినది. అరువదియేండ్లు నిండినవారు తమ్ము పోషింపవలెనను షరతుతో ఆస్తి నిచ్చి, పుచ్చుకొన్నవాడు మాట తప్పినచో, ఆ దస్తావేజును ట్రిబ్యునలు రద్దుపరుపవచ్చును. అయితే ప్రాణమంతయు ఆ షరతులోనే యున్నది. షరతు ఉన్నట్లు చూపనిదే ఈ సెక్షను వర్తింపదని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పినది. 2025 జనవరిలో అదే కోర్టు మధ్యప్రదేశములోని ఒక తల్లి 2019లో వ్రాసిన దానపత్రమును రద్దుచేసి ఆస్తి ఆమెకు ఇప్పించినది. చట్టమును వృద్ధులకు అనుకూలముగా అన్వయింపవలెననియు పలికినది. కాని అచ్చట కుమారుడు తల్లిదండ్రులను చూచుకొందునని వ్రాతమూలకముగా ఒప్పుకొనియుండెను. మన ఉపాధ్యాయుని యొద్ద అట్టి వ్రాత లేదు.

ఆయన పోషణకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఇల్లు ఇచ్చినను ఇయ్యకున్నను కుమారునకు ఆ బాధ్యత తప్పదు. కాని ఈ చట్టము క్రింద ట్రిబ్యునలు ఇప్పింపగల గరిష్ఠపు మొత్తము నెలకు 10,000 రూపాయలు. పట్టణములో ఇంట నుండి కనిపెట్టు ఆయా జీతమునకే అది చాలదు. డెబ్బది నిండినవారికి 2024లో కేంద్రప్రభుత్వము విస్తరించిన అయిదులక్షల ఆరోగ్యబీమా ఆసుపత్రిలో చేరినవారికి. ఇంటిలో మంచము పట్టినవారి సేవకు గాదు. అనగా వృద్ధునకు మిగులు ఆధారము తన ఆస్తియే.

వింత యేమనగా, తగవు ముదిరిన పిమ్మట ఆ ట్రిబ్యునలులో న్యాయవాది నిలువరాదని 17వ సెక్షను చెప్పుచున్నది. ఆ నిషేధము చెల్లదని కొన్ని హైకోర్టులు తీర్పులు చెప్పినను, న్యాయవాది నిజముగా అక్కఱకు వచ్చునది దస్తావేజు వ్రాయకముందే. ఇల్లు కుమారునకు దఖలుపరచుచునే, దంపతులిద్దరును బ్రతికియున్నంతకాలము అందు నివసించి అద్దె అనుభవించు హక్కు నిలుపుకొనవచ్చును. వైద్యవ్యయము ఎవరు భరింపవలెనో, ఎంత భరింపవలెనో స్పష్టముగా వ్రాయింపవచ్చును. అసలు దానమే మాని వీలునామా వ్రాసినచో, బుద్ధి స్థిరముగా నున్నంతవఱకు మార్చుకొనవచ్చును. ఇద్దరు సాక్షులు చాలుదురు, రిజిస్ట్రేషను నిర్బంధముగాదు. దస్తావేజు లేఖరి ఇవన్నియు అడుగడు. అతడు పాతనకలు చూచి క్రొత్తపేర్లు వ్రాయును.

మఱియొక భ్రమ గలదు. జనరల్ పవరు వ్రాసియిచ్చితిమి గనుక, రేపు మతి తప్పినను పనులు జరుగునని పలువురు ధీమాగా నున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 201వ సెక్షను ప్రకారము ఇచ్చినవానికి మతి చెడినచో ఆ అధికారము అంతరించును. అవసరమైననాడే అది పనికిరాదన్నమాట! అప్పుడు బంధువులు గార్డియను నియామకమునకై కోర్టుల చుట్టును తిరుగవలసినదే. ఆ నాటి ఆయా జీతమునకు, మందులకు సొమ్ము ఏ ఖాతానుండి ఎవరు తీయవలెనో ముందుగా ఆలోచించుకొనవలదా?

ప్లీడరు గడప త్రొక్కుట తగవునకు పోవుటయే యని మనవారి తలంపు. ఇందు మా వృత్తివారి తప్పును గలదు. వ్యాజ్యము తెచ్చినవానికి కుర్చీ వేయుదుము. సలహా అడుగ వచ్చినవానిని రేపు రమ్మందుము. రుసుము ఇచ్చుకొనలేనివారికి 1987 నాటి చట్టము క్రింద జిల్లాకోర్టులలో న్యాయసేవాధికార సంస్థలున్నవి. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి అచ్చట ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత సహాయము దొరకును. ఈ సంగతి గ్రంథాలయములకు వచ్చువారిలోనే ఎందఱెఱుగుదురు? ప్రతి పఠనమందిరమునను నెలకొక ఆదివారము ఇద్దరు న్యాయవాదులు కూర్చుండి, సంతకము చేయబోవు ముసాయిదాను ఉచితముగా చదివిపెట్టినచో బారు సంఘములకు వచ్చు నష్టమేమి? మా పట్టణమున వచ్చు నెలనుండి మేము కూర్చుండ నిశ్చయించితిమి.

ఉపాధ్యాయుని అర్జీ వ్రాసి డివిజను ట్రిబ్యునలులో దాఖలు చేయించితిమి. కుమారునకు నోటీసు పోయినది. మొదటి వాయిదానాడు భార్యను ఎవరికి అప్పగించి రావలెనో ఆయనకు ఇంకను తోచలేదు.