ప్రేక్షకుడి ‘కానీ’ని వినాలి

2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ విడుదలైంది. తెల్లవారుజాము ఆట చూసి బయటికొచ్చినవాళ్ల దగ్గర్నుంచి, రెండు నెలల తర్వాత ఇంట్లో ఓటీటీలో చూసినవాళ్ల దాకా చాలామంది అభిప్రాయం ఒకే అచ్చులో పడింది. చూడ్డానికి అద్భుతంగా ఉంది, కానీ కథ కదల్లేదు. మనవాళ్లు ఇంత పని చేశారంటే గర్వంగా ఉంది, కానీ మొదటి సగం సాగింది. చివరి అరగంట ఒళ్లు గగుర్పొడిచింది, కానీ అప్పటిదాకా ఓపిక పట్టాల్సి వచ్చింది. మాట ఏదైనా మధ్యలో ఒక ‘కానీ’ ఉంది. దాన్ని అభిమానులు అసూయ కింద జమకట్టారు. వ్యాపార వర్గాలు వసూళ్ల అంకెలు చూపించి నోరు మూయించాయి. సైన్స్ ఫిక్షన్ మన జనానికి అలవాటు లేదు, అందుకే అర్థం చేసుకోలేకపోయారని ఇంకొందరు సర్దిచెప్పారు. నేను ఆ ‘కానీ’ అన్న ప్రేక్షకుడి పక్షాన నిలబడుతున్నాను. ఆ సినిమా మీద వచ్చిన విమర్శలన్నిటిలో అంతకంటే సూటిగా, నిజాయితీగా పలికిన మాట ఇంకొకటి లేదని నా నమ్మకం.

అలవాటు లేదన్న వాదన ముందు తేల్చుకుందాం. సికింద్రాబాద్ ఒక్కటి చూసినా ఆ వాదన నిలవదు. దండు ఊరు కావడంతో ఇక్కడ ఇంగ్లీషు సినిమా చూసే అలవాటు తరాల నాటిది. టివోలీ, ప్లాజా, సంగీత్ లాంటి హాళ్లలో విదేశీ చిత్రాలు చూస్తూ పెరిగిన కుటుంబాలున్నాయి. సంగీత్ 70 ఎంఎం తెర ఇప్పుడు లేదు, దాని పేరు మాత్రం కూడలికి అంటుకుని ఉండిపోయింది. పారడైజ్ అంటే ఇప్పుడు బిర్యానీ గుర్తొస్తుంది గానీ, ఆ కూడలికి ఆ పేరొచ్చింది కూడా సినిమా హాలు వల్లే. ఒకే వీధిలో తెలుగు, తమిళం, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు వినపడే ఊరిది. అమితాబ్ బచ్చన్, కమల్ హాసన్, ప్రభాస్, దీపికా పడుకోన్ ఒకే తెర మీదికి వస్తే ఒక్కొక్కరికీ సొంత అభిమానులు దొరికే చోటు. ఇలాంటి ఊళ్లో కూడా అదే ‘కానీ’ వినిపించిందంటే తప్పు అలవాటులో లేదు.

ఇక ఆ సినిమా మన ముందుకు వచ్చిన తీరు. ‘ప్రాజెక్ట్ కె’ అన్న పేరుతో ఏళ్ల తరబడి ఊరించి, 2023 జులైలో అమెరికాలోని శాన్ డియాగో కామిక్ కాన్‌లో అసలు పేరు, మొదటి దృశ్యాలు బయటపెట్టారు. విడుదలకు నెల ముందు రామోజీ ఫిల్మ్ సిటీలో ‘బుజ్జి’ని జనానికి పరిచయం చేశారు. మహీంద్రా, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ తోడ్పాటుతో తయారైన దాదాపు 6 టన్నుల బండి అది. నిజంగా రోడ్డు మీద నడిచింది. దాన్ని ఊరూరా తిప్పారు, దాని మీద ఒక యానిమేషన్ కథే విడుదల చేశారు. ఖర్చు 600 కోట్లని పత్రికలు రాశాయి. తెలంగాణ ప్రభుత్వం మొదటి 8 రోజులు సింగిల్ స్క్రీన్లలో 75 రూపాయలు, మల్టీప్లెక్సుల్లో 100 రూపాయలు టికెట్ మీద పెంచుకోనిచ్చింది. నలుగురున్న కుటుంబం మల్టీప్లెక్సుకు వెళ్తే పెంపు ఒక్కటే 400. ఈ ప్రచారం అంతటా చూపించింది వస్తువుల్ని: బండి, ఆయుధం, నగరం, కవచం. ఆ వస్తువులు తెర మీద చెప్పినట్టే ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. దర్శకుడు నాగ్ అశ్విన్ బృందం అబద్ధం ఆడలేదు. గంగ ఎండిపోయిన కాశీ, దాని నెత్తిన తలకిందులుగా వేలాడే ‘కాంప్లెక్స్’, ఎక్కడో దాగిన శంబల, వీటిని తెలుగు తెర మీద ఇంత పెద్దగా ఊహించినవాళ్లు అంతకుముందు లేరు.

మరి జనం చప్పట్లు కొట్టింది ఎక్కడ? ఎక్కువ డబ్బు పోసిన చోట కాదని సినిమా చూసిన ఎవరికైనా తెలుసు. కురుక్షేత్రంలో, అశ్వత్థామ దగ్గర, కర్ణుడి పేరు వినిపించిన క్షణంలో. అన్నిటికంటే గొప్ప దృశ్యం నాకు సినిమా మొదట్లోనే కనిపిస్తుంది. కృష్ణుడు అశ్వత్థామను శపిస్తాడు, కానీ ఆయన ముఖం మనకు కనపడదు. నల్లని నీడ, నెమలి పింఛం, గొంతు, అంతే. ‘మాయాబజార్’ నాటి నుంచి తెలుగువాడి కళ్లలో కృష్ణుడికి ఒక ముఖం స్థిరపడిపోయింది. దానికి పోటీగా ఇంకో ముఖం పెట్టకుండా చీకటిని పెట్టారు. ప్రేక్షకుడు ఆ చీకట్లో తనకు తెలిసిన ముఖాన్ని తానే నింపుకున్నాడు. గ్రాఫిక్స్ సినిమాలో ఏమీ చూపించని చోటే చూపు ఆగిపోయింది. దర్శకుడికి దృశ్యమంటే ఏమిటో బాగా తెలుసని చెప్పడానికి ఈ ఒక్క షాట్ చాలు. అందుకే మిగతా చోట్ల ప్రేక్షకుడు నిరాశపడ్డాడు. కాశీలో నీళ్లు లేవని మనకు తెలుస్తుంది, ఆ దాహం మన గొంతుకు తగలదు. కాంప్లెక్స్‌లోకి వెళ్లడానికి ప్రభాస్ పోషించిన భైరవ ‘యూనిట్లు’ అనే డబ్బు కూడబెడుతుంటాడు, అక్కడికి వెళ్తే అతని బతుకులో ఏం మారుతుందో మనకు పట్టదు. ఇంటద్దె కోసం బ్రహ్మానందం వెంటపడే కాసేపు మాత్రం ఆ కాశీ మనుషులుండే ఊరులా అనిపిస్తుంది. అలాంటి ఘట్టాలు ఇంకో నాలుగు ఉంటే బాగుండేది.

భారతం మనకు ముందే తెలుసు కాబట్టి అక్కడ చప్పట్లు పడ్డాయి, కొత్త లోకానికి ఆ సౌకర్యం లేదు అని ఎవరైనా అనవచ్చు. ఇది బలమైన అభ్యంతరమే. అయితే దాదాపు ఏడాది ముందు, 2023 జూన్ 16న, అదే ప్రభాస్‌తో ‘ఆదిపురుష్’ వచ్చింది. రామాయణం కంటే తెలిసిన కథ మనకేముంది? 2022 అక్టోబరులో దాని టీజర్ చూసి జనం బొమ్మలు బాగాలేవన్నారు. సంక్రాంతికి రావాల్సిన సినిమాను వాయిదా వేసి మళ్లీ పని చేశారు. తీరా విడుదలయ్యాక గొడవ బొమ్మల దగ్గర ఆగలేదు. హనుమంతుడి నోట ఆ మాటలేమిటని అడిగారు, చివరికి సంభాషణలు మార్చాల్సి వచ్చింది. తెలిసిన కథ ఉంటే చాలదని, ఆ కథలో మనిషి నిలబడాలని జనం అంత స్పష్టంగా చెప్పారు. ఏడాది తేడాతో ఒక సినిమాను తిప్పికొట్టి, ఇంకోదాన్ని సగం మెచ్చుకుని సగం నిలదీసిన ప్రేక్షకుడికి తనకేం కావాలో తెలియదని ఎలా అంటాం?

ఈ విషయంలో నాకు పదేపదే గుర్తొచ్చేది 2009 చలికాలం. డిసెంబరు 18న జేమ్స్ కామెరాన్ ‘అవతార్’ వచ్చింది. త్రీడీ అద్దాలు పెట్టుకుని చూసిన ఆ నీలిరంగు లోకం ప్రపంచాన్ని ఊపేసింది. ఆరు వారాలు తిరిగేసరికి, 2010 జనవరి 30న, 1957 నాటి ‘మాయాబజార్’ రంగుల్లో మళ్లీ విడుదలైంది. ఆ రంగులద్దిన సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్, చిరునామా సికింద్రాబాద్‌లోని సరోజినీదేవి రోడ్డు. అప్పటికి ప్రపంచంలోని అత్యంత ఆధునిక దృశ్యం ఒక హాల్లో ఉంటే, 53 ఏళ్ల నాటి మార్కస్ బార్‌ట్లే కెమెరా మాయ ఇంకో హాల్లో ఉంది. రెండింటికీ జనం వెళ్లారు. ‘మాయాబజార్’లో తల్పం గిల్పమై పడుకున్నవాణ్ని దొర్లిస్తుంది, కంబళి గింబళి అవుతుంది. మాయతో పాటే మాటా పుట్టింది, అందుకే ఆ మాయలు ఇప్పటికీ ఇళ్లలో వాడుకలో ఉన్నాయి. లడ్డూలు వాటంతట అవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరి పడటం కెమెరా పని. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనం నమ్మడం మాత్రం సావిత్రి పని. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు ఆ సున్నితమైన పాదంలో రాక్షసుడి బరువు కనిపిస్తుంది. దానికి యంత్రం లేదు. ఆమె నడకలో, భుజాల్లో, కనుబొమల్లో ఉందది.

‘అవతార్’ కథ పాతదేనని, బొమ్మల వల్లే ఆడిందని చాలామంది అంటారు. నిజమే, కథ పాతదే. కానీ ఆ సినిమా చూసినవాడు పండోరా అడవిలో ఏది ముట్టుకుంటే ఏమవుతుందో కథానాయకుడితో పాటే నేర్చుకుంటాడు. కాళ్లు చచ్చుబడి చక్రాల కుర్చీలో ఉన్నవాడికి కొత్త శరీరం రాగానే మొదట పరుగెత్తి మట్టిలో కాలివేళ్లు గుచ్చుతాడు. ఆ కాలివేళ్లు చూశాక మిగతా లోకమంతా నమ్మశక్యంగా మారిపోతుంది. పాత కథైనా, బొమ్మ ఒక మనిషి కోరికకు కట్టుబడి ఉంది. మన ‘ఆదిత్య 369’ కూడా ఇదే చెబుతుంది. 1991లో సింగీతం శ్రీనివాసరావుకు ఇప్పటి కంప్యూటర్లు లేవు, ఇప్పటి బడ్జెట్లు లేవు. అయినా టైమ్ మెషీన్ ఎక్కి 1526కి వెళ్తే కృష్ణదేవరాయలు, తెనాలి రామకృష్ణుడు మన ఊరి మనుషుల్లా మాట్లాడారు. అక్కణ్నుంచి 2504కు దూకినా ప్రేక్షకుడు తడబడకుండా వెంట వెళ్లాడు. అదే సింగీతం ‘కల్కి’కి మార్గదర్శకుడిగా ఉన్నారు. తెలుగు సైన్స్ ఫిక్షన్‌కు వంశవృక్షం లేదని, హాలీవుడ్‌ను చూసే నేర్చుకోవాలని అనేవాళ్లు ఈ సంగతి మర్చిపోకూడదు.

వసూళ్ల మాటకొస్తే, ‘కల్కి’ ప్రపంచవ్యాప్తంగా 1000 కోట్లు దాటిందని నిర్మాతలు ప్రకటించారు. జనానికి నచ్చకపోతే అంత ఎలా వస్తుంది? నచ్చింది, అందులో సందేహం లేదు. నచ్చినవాడే ‘కానీ’ అంటాడు. నచ్చనివాడు అసలు ఆ సినిమా ఊసే ఎత్తడు. పైగా మొదటి వారం కొన్న టికెట్ ప్రచారానికి పడిన ఓటు, లోపల ఏం చూశాడన్నది ఆ అంకెలో కనపడదు. ఇది మొదటి భాగమే, లోకాన్ని పరిచయం చేయడానికి సమయం పట్టదా అంటే, పడుతుంది. అయితే ఆ మూడు గంటల టికెట్ పూర్తి ధరకు, అదనపు ధరకు అమ్మారు. రెండో భాగం బాకీ పెట్టుకుని మొదటి భాగాన్ని అరువు మీద చూడమనడం న్యాయం కాదు. ఇలా విమర్శిస్తే సాహసం చేసేవాళ్లు వెనకడుగు వేస్తారన్న భయం కూడా ఉంది. నాకు ఎదురైన వాదనల్లో దీన్నే నేను ఎక్కువ గౌరవిస్తాను, ఎందుకంటే ఇలాంటి సినిమాలు తెలుగులో రావాలని నేనూ గట్టిగా కోరుకుంటున్నాను. అందుకే ‘హాలీవుడ్ స్థాయిలో ఉంది’ అన్న పొగడ్త నాకు మింగుడు పడదు. ఆ మాట మన సినిమాను ఎప్పుడూ రెండో వరసలోనే కూర్చోబెడుతుంది, వాళ్ల బొమ్మకు మన బొమ్మ ఎంత దగ్గరగా ఉందో కొలుస్తుంది. ‘కానీ’ అన్న ప్రేక్షకుడు ఆ కొలతబద్ద పక్కనపెట్టి, నా కాశీలో మనుషులేరీ అని అడిగాడు. దర్శకుడికి అంతకంటే మర్యాద ఇంకెవరిస్తారు?

రెండో భాగం ఇంకా రావాల్సి ఉంది. కాంప్లెక్స్ పాలకుడు సుప్రీమ్ యాస్కిన్ గాండీవం ఎత్తిన చోట మొదటి భాగం ఆగింది. ఈలోగా 2025 సెప్టెంబరులో నిర్మాణ సంస్థ వైజయంతీ మూవీస్ దీపికా పడుకోన్ ఆ రెండో భాగంలో ఉండరని ప్రకటించింది. ఆమె పోషించిన సుమతి మంటల్లోంచి నడిచొచ్చే దృశ్యం ‘కల్కి’కే గుర్తుగా మారింది, గోడల మీద, ఫోన్లలో అదే బొమ్మ. ఆ సుమతికి ఇష్టమేమిటో, పుట్టబోయే బిడ్డ గురించి ఒంటరిగా ఉన్నప్పుడు ఏమనుకుందో మొదటి భాగం చెప్పింది తక్కువ. సావిత్రి ముఖంలో ఘటోత్కచుణ్ని చూపిస్తే ఈ జనమే నమ్మారు, ఒకే ముఖంలో ఇంకో ప్రాణాన్ని గుర్తుపట్టారు. ఇప్పుడు అదే ప్రాణాన్ని ఇంకో ముఖంలో గుర్తుపట్టమని అడిగినా కాదనరు, ఆ ప్రాణమేదో ముందు వాళ్లకు పరిచయం చేసి ఉంటే.