ఇంజను బలము తగ్గినచో ముందు పంపును విప్పవద్దు



1937లో స్థాపితమైన బోధన్ నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన పిదప, ఇంకను చెరకు పండించువారు దానిని దూరపు మిల్లులకు తోలవలసి వచ్చినది. దారిలో ఎత్తు రాగానే ట్రాక్టరు నీరసించి నిలిచినచో గడ ఎండి తూకము తగ్గును. ఆ తొందరలో "ఇంజెక్షన్ పంపు ఖరాబైంది" అని ఎవరైనా అనగానే దానిని విప్పించుట మనవారి అలవాటు. అది పొరపాటని నా అభిప్రాయము.

పంపులోని ప్లంజరునకు, బారెలుకు నడుమ సందు మిల్లీమీటరులో వెయ్యవ వంతులు రెండు మూడు మాత్రమే. చెట్టు కింద దుమ్ములో విప్పదగిన వస్తువు కాదది.

తప్పు తరచుగా పంపునకు ముందే ఉండును. ట్యాంకు మూతలోని గాలిరంధ్రము పూడినను, ఫిల్టరు మూసుకొనినను, గొట్టము బిగింపు వదలి గాలి చొరబడినను డీజిలు చాలినంత అందదు. ఫిల్టరు మార్చి, బ్లీడింగు స్క్రూ వదులుచేసి, బుడగలు పోయి ఒకే ధార వచ్చువరకు ఫీడు పంపు మీటను ఆడించి, పిదప బిగించుడు. నల్లపొగ వచ్చుచున్నచో ఎయిర్ క్లీనరును చూడుడు. చెరకుతోట దుమ్ము, తుక్కు దానిని త్వరగా పూడ్చును. యాక్సిలరేటరు కడ్డీ చివరంట కదలుచున్నదా? అదియు చూడవలసినదే.

ఇన్ని చూచినను బలము రాకున్న, పంపును నాజిళ్లతో సహా నిజామాబాదు వంటి పట్టణమున క్యాలిబ్రేషను బెంచి గల దుకాణమునకు పంపుడు. సీలు తెంపి, స్క్రూ తిప్పి పికప్పు పెంచెదనను మెకానిక్కును మాత్రము ఒప్పుకొనవద్దు. ఆ పూటకు బలము కనిపించును గాని, మిగులు డీజిలు నల్లపొగయై పోవును, పిస్టను మితిమీరి వేడెక్కును.

నాజిలు చిమ్మునపుడు చేయి అడ్డుపెట్టకుడు; ఆ ధార చర్మములోనికి దూసికొనిపోవును.