కంప్యూటరు కష్టములు - ఇరుగుపొరుగు సాయము

మన వృత్తికి మగ్గము ఎంత ముఖ్యమో, నేడు కంప్యూటరు కూడ ఇంచుమించు అంత ముఖ్యమైనది. షోలాపురములో తువాళ్లకును చాదరులకును నమూనా గీయుటకు, కంచిలో పట్టుచీర అంచునకు అట్టలు కొట్టించుటకు, బరంపురపు పట్టును దూరదేశపు కొనుగోలుదారునకు చూపుటకు, 2017 జులై 1 నుండి అమలులోనున్న జీ.యస్.టీ. లెక్కలు దాఖలు చేయుటకు అదియే ఆధారము. సరకు నేసి మడత పెట్టినంత మాత్రమున పని ముగియుట లేదు. బిల్లు ముద్రింపవలెను, చీటీ అంటింపవలెను, లెక్క పంపవలెను. ఆ పెట్టె ఒక్కపూట నిలిచినచో నేసిన సరకు ఇంటిలోనే యుండును.

అది నిలిచినప్పుడు మనమేమి చేయుచున్నాము? పెట్టెను సంచిలో పెట్టుకొని అంగడికి మోయుచున్నాము. పండుగ ముందర అంగడివారు నాలుగు దినములు ఆగుమందురు. ఆగలేనివారు దళారి ఇంటికి పోయి, అతని యంత్రముపై తమ నమూనాను విప్పి చూపుచున్నారు. లెక్కల దాఖలుకు తమ రహస్యపదమును అతని చేతికే ఇచ్చుచున్నారు. చిన్న చిక్కునకు జడిసి వ్యాపారపు తాళపుచెవిని పరాయివానికి అప్పగించుట కాదా ఇది? కంప్యూటరు చిక్కులను విడదీయు తెలివి ఏ ఒక్కరి సొత్తుగాను ఉండరాదనియు, పోగు అతుకు తెలివివలెనే అది నేతవారందరి ఉమ్మడి సొత్తు కావలెననియు మా అభిప్రాయము.

ఈ యంత్రము మనకు పరాయిది కాదు. ఫ్రాన్సు దేశమున లియాన్ పట్టణపు జోసెఫ్ మరీ జకార్డు 1804లో తన మగ్గమును రూపొందించెను. అట్టపై రంధ్రమున్నచోట కొక్కెము లేచును, లేనిచోట నిలుచును. ఆ అట్టల పద్ధతినే ఇంగ్లండున చార్లెస్ బాబేజీ తాను తలపెట్టిన గణనయంత్రమునకు తీసికొనెను. అమెరికాలో 1890 జనాభా లెక్కలను హెర్మన్ హోలరిత్ రంధ్రముల అట్టలతోనే లెక్కించెను. నేటి కంప్యూటరు వంశవృక్షమున మన మగ్గమునకు పెద్దపీట కలదు. జకార్డు అట్టలలో ఏ అట్ట తారుమారైనదో పువ్వును చూచి చెప్పగల నేతగాడు కంప్యూటరు ముందు చేతులు కట్టుకొని నిలువవలసిన పనిలేదు.

మన పెద్దల ఆచారమును తలచుకొందము. తెల్లవారుజామున వీధిలో పడుగు సాచి గంజి పట్టించునపుడు ఆ ఇంటివారు మాత్రమే చాలెడివారు కారు. ఇరుగుపొరుగువారు వచ్చి నిలిచెడివారు. ఈనాడు వీరి పడుగు, రేపు వారి పడుగు. కూలి అడిగినవారు లేరు, పిలువలేదని అలిగినవారు లేరు. అట్టి వీధులలోనే ఇప్పుడు కంప్యూటరు నిలిచిన ఇంటివారు తలుపు వేసికొని ఒంటరిగా కూర్చుండుచున్నారు. కారణములు రెండు. తెలియదని చెప్పుకొనుటకు సిగ్గు ఒకటి. తెలిసినది చెప్పినచో పొరుగువాడు ముందుకు పోవునన్న భయము మరియొకటి.

సిగ్గు సంగతి ముందు చూతము. ఇంటింట కనబడు చిక్కులు మహా శాస్త్రములు కావు. మచ్చునకు కొన్నిటిని విన్నవింతుము.

లెక్కలు దాఖలు చేయబోగా, ఇంటర్నెట్టు బాగుగానే యున్నను, ఆ చోటు భద్రము కాదని తెర అడ్డుపడును. చాలమంది తీగను, కంపెనీని నిందింతురు. తెర మూలనున్న తేదీని చూడుడు. లోపల రూపాయి బిళ్లవంటి చిన్న బ్యాటరీ యుండును. చాల కంప్యూటర్లలో అది సీఆర్ 2032 రకము. అది చచ్చినచో, కరెంటు తీసినప్పుడెల్ల గడియారము ఎన్నడో గడచిన సంవత్సరమునకు పోవును. తేదీ తప్పైనచో భద్రతాపత్రముల గడువు సరిపోలక ఆ చోటులు తెరచుకొనవు. తేదీ సరిచేయుట ఒక నిమిషము పని; బ్యాటరీ వెల కొద్దిపాటిది.

నాలుగు అంగుళముల అంచు నమూనాను నిజపరిమాణమున ముద్రింపగోరితిమి. కాగితమునకు సరిపడునట్లు కుదించుమను ఏర్పాటు ప్రింటరులో ఉండిపోయినది. నూటికి 95 వంతున దిగినచో అంచు 3.8 అంగుళములే వచ్చును. నమూనా తప్పని గీసినవారిని నిందించుట, మరల గీయించుట! ముద్రించు ముందు పరిమాణము నూటికి నూరని చూచుకొన్న తగవే లేదు.

నమూనాను సెల్లుఫోనున వాట్సాపులో బొమ్మగా పంపుదుము. ఆ బొమ్మ దారిలో కుదింపబడును. చుక్క చుక్కకు ఒక కొక్కెము లేవవలసిన నమూనాలో గీతల అంచులు మసకబారి, మనము వేయని రంగులు చేరును. జేపెగ్ రూపమున దాచినను ఇదే నష్టము. బీఎంపీ రూపముననో పీఎన్‌జీ రూపముననో దాచి, డాక్యుమెంటుగా పంపినచో చుక్క చెడదు.

కొత్త పెన్‌డ్రైవును ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టెకు తగిలించినచో ఏమియు కనబడదు. పెట్టె చెడినదని బెంగ పెట్టుకొందురు. కొన్ని పెట్టెలు ఫాట్ 32 అను పద్ధతిని మాత్రమే చదువును. పెద్ద పెన్‌డ్రైవులు వేరు పద్ధతిలో వచ్చుచుండును. పద్ధతి మార్చిన సరి. అట్లు మార్చునపుడు అందున్నదంతయు చెరిగిపోవును గనుక ముందు నకలు తీసికొనవలెను.

అను ఫాంట్లతో ఇచట కూర్చిన తెలుగు కరపత్రము వేరొక ఊరి కంప్యూటరులో పిచ్చిగీతలుగా తెరచుకొనును. అక్షరములు చెడలేదు, ఆ ఫాంటు అక్కడ లేదు. యూనికోడులో కూర్చినదైనచో ఎక్కడనైనను తెలుగుగానే కనబడును.

ఇక మన ఇండ్లకు ప్రత్యేకమైనది నూలు దూది. అది గాలిలో తేలుచు పెట్టెలోని పంకాకు చుట్టుకొనును. వేడి ఎక్కి కంప్యూటరు తనంత తానే ఆగును. నెలకొకసారి కరెంటు తీగ పెరికి, మెత్తని కుంచెతో దులిపిన చాలును.

ఇట్టివి పది తెలిసినవారు మన వీధులలో తప్పక ఉందురు. ఒకరికి తేదీ సంగతి తెలియును, వేరొకరికి ప్రింటరు సంగతి తెలియును. ఒకరి తెలివి ఒకరికి అందనందుననే అందరమును అంగడి మెట్లు ఎక్కుచున్నాము.

రెండవది భయము. పోటీదారునకు సాయపడుట ఎట్లని కొందరు అడుగుదురు. దీనికి చరిత్రయే బదులు చెప్పుచున్నది. 1955లో అమెరికాలోని లాస్ ఏంజెలస్ ప్రాంతమున ఐ.బి.యం. 704 యంత్రమును వాడువారు కలిసి షేర్ అను సంఘము పెట్టుకొనిరి. అందులో విమానములు కట్టు సంస్థలవారు ఉండిరి. బయట వ్యాపారమున ఒకరికొకరు పోటీయే. ఐనను యంత్రమును నడుపు చిక్కులను, అందుకు వ్రాసికొన్న ప్రోగ్రాములను పంచుకొనిరి. ప్రతివారును అదే చిక్కును వేరువేరుగా విప్పుట దండుగ యని వారు గ్రహించిరి.

దాచిపెట్టుటవలన ఏమి జరుగునో మరియొక ఉదంతము తెలుపును. 1980 ప్రాంతమున మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఒక ప్రింటరులో కాగితము తరచు ఇరుక్కొనుచుండెను. ఇరుక్కొన్నప్పుడు అందరికిని తెలియజేయు ఏర్పాటు చేయుదమని రిచర్డ్ స్టాల్మన్ తలచెను. అందుకు కావలసిన మూల ప్రోగ్రామును కలిగినవారు, ఇయ్యమని మాట ఇచ్చితిమనుచు నిరాకరించిరి. బాగుచేయగలవాడు ఎదుట నిలిచియున్నను ప్రింటరు బాగుపడలేదు. అట్టి అనుభవములే కారణముగా ఆయన 1983లో అందరును చదువదగిన, దిద్దదగిన, పంచుకొనదగిన ప్రోగ్రాముల కొరకు గ్నూ ఉద్యమమును ప్రకటించెను. మన నేతకు ఉపకరించునట్లు డిజిటల్ ఇండియా కార్పొరేషనువారు సిద్ధపరచిన డిజీబునాయి కూడ అట్లే బహిరంగముగా ఇచ్చిన నమూనా ప్రోగ్రాము.

ఇచట ఒక తేడాను స్పష్టపరుపవలెను. మీ నమూనా మీ సొత్తు. దానిని ఎవరికిని చూపనక్కరలేదు. ప్రింటరు ఎందుకు నిలిచినదో చెప్పుట వేరు, అంచున ఏ పువ్వు వేసితిమో చెప్పుట వేరు. మొదటిది దాచినందున ఎవరికిని లాభము లేదు. పైగా తెలిసిన పొరుగువారు లేనప్పుడే మన నమూనా దళారి యంత్రమున చేరుచున్నది. కావున సాయము పంచుకొనుటయే నమూనాను కాపాడుకొను దారి.

సాయమునకు కొన్ని హద్దులు తప్పవు. కరెంటు సరఫరా చేయు డబ్బాను విప్పరాదు. తీగ పెరికినను అందు ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును. అట్టి పనికి నిపుణుడే రావలెను. అతని కూలి అతనికి న్యాయముగా ఇయ్యవలెను. సాయపడువారు రహస్యపదము అడుగరాదు, అడిగినను ఇయ్యరాదు. ఫోనునకు వచ్చు ఓటీపీ అంకెలను అన్నదమ్ములకైనను చెప్పరాదు. మోసము జరిగినచో తడవు చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. దొంగ నకలు ప్రోగ్రాములను పంచుట సాయము కాదు. వాటి వెంట వైరసులు వచ్చి నమూనాలన్నిటిని పాడుచేయును.

రానున్న రోజులలో ఈ కలిసికట్టు మరింత అవసరము. విండోస్ 10కు తయారీదారుల సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. మన ఇండ్లలోని పాత యంత్రములు అనేకము విండోస్ 11కు పనికిరావు. ప్రతి ఇంటివారిని కొత్తది కొనుమని అంగడివారు తొందరపెట్టుదురు. ఏది నిజముగా మార్చవలెను, ఏది లినక్సు వేసికొని లెక్కలకు, ఉత్తరములకు వాడుకొనవచ్చును, ఏ నమూనా ప్రోగ్రాము దానిపై నడువదు అన్న విషయములు నలుగురు కూర్చుండి తేల్చుకొన్నచో ఎంతో ధనము మిగులును.

మన తెలుగు కుటుంబములకు ఇంకొక ఇబ్బంది కలదు. తెరమీద ఇంగ్లీషు, పిల్లల బడిలో మరాఠీ, తమిళము, కన్నడము, ఒడియా, పెద్దలు చదువునది తెలుగు. పిల్లవాడు సరిచేయును గాని ఏమి చేసెనో తల్లిదండ్రులకు తెలుపలేడు. చదువునకో ఉద్యోగమునకో వాడు ఊరు విడిచినచో ఇంటి కంప్యూటరు అనాథ యగును. అందువలన ప్రతి పేటలోను ఒక చిక్కుల పుస్తకము పెట్టవలెనని మా సూచన. ఎడమ పుటలో ఏమి కనబడినదో, కుడి పుటలో ఏమి చేయగా బాగైనదో తెలుగున వ్రాయవలెను. తెరమీది ఇంగ్లీషు మాటను పలుకునట్లే తెలుగు లిపిలో వ్రాసిన చాలును. చేసి చూడగా ఫలించనిది కూడ వ్రాయవలెను. తరువాతివారికి శ్రమ తగ్గును.

వారమునకొక సాయంకాలము సంఘపు గదిలోనో గుడి మండపముననో తెలిసినవారు ఒక గంట కూర్చుండవలెను. రుసుము వలదు. లెక్కలు, చీటీలు చాల ఇండ్లలో స్త్రీలే చూచుచున్నారు గనుక వారికి వీలైన వేళనే నిర్ణయింపవలెను. నేర్పువారిలోను వారు ఉండవలెను. బాగుచేసినవారు తామే బాగుచేసి లేచిపోరాదు. అడిగినవారి చేతనే చేయించి చూపవలెను. అడుగవచ్చినవారు తెర మీద వచ్చిన మాటలను ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొని రావలెను. పని చేయుటలేదు అన్నంత మాత్రమున వైద్యుడైనను మందియ్యజాలడు.

ఆ పుస్తకములలోని ముఖ్యమైన చిక్కులను మాకు పంపినచో ఈ పత్రికలో ప్రకటింతుము. షోలాపురమున విప్పిన ముడి సేలమున మరల పడనక్కరలేదు. బరంపురమున తెలిసినది దొడ్డబళ్లాపురమునకు అందును. మహాసభలు, తీర్మానములు వచ్చినప్పుడు రానిండు. ఈ వారమే మీకు తెలిసిన ఒక్క చిట్కాను పొరుగింటివారికి చెప్పుడు. తెలియని ఒక్కటి అడుగుడు. పని అచటనే మొదలగును.