పొట్టేలుకు పుట్టుపూర్వోత్తరాలు అడుగుదాం

బ్రెజిల్‌లో 2023లో జరిగిన వేలంలో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా అమ్ముడైంది. ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 43 లక్షల డాలర్లు దాటిందనేసరికి ‘మన ఒంగోలు ఆవే’ అని ఇక్కడ మురిసిపోయాం. రక్తసంబంధం కల్ల కాదు. 1960ల ఆరంభంలో ఒంగోలు దగ్గరి కరవది నుంచి వెళ్లిన ఆబోతు పేరు, ‘కార్వాది’గా, అక్కడి వంశావళుల్లో నేటికీ కనిపిస్తుంది. అయినా ఆ ధరలో మన వంతు తక్కువేననిపిస్తుంది నాకు. తరాల తరబడి రాసిపెట్టిన కొలతలకు పలికిన ధర అది.

మాంసం పశువుల ఎంపికలో ఒక చిక్కుంది. కండ ఎంత, కొవ్వు ఎంత, మాంసం మెత్తనిదా గట్టిదా అన్నది కోస్తేగానీ తేలదు; కోసిన ఆబోతుకు ఇక దూడలు పుట్టవు. అందుకే ఒకప్పుడు ఆబోతును అట్టేపెట్టి, దాని సంతానాన్ని కోసి చూసి తండ్రికి మార్కులు వేసేవారు. ఏళ్లు పట్టేది. తర్వాత అల్ట్రాసౌండ్ వచ్చింది: 12, 13 పక్కటెముకల మధ్య వీపు కండ వైశాల్యాన్ని, పైకొవ్వు మందాన్ని పశువు బతికుండగానే కొలుస్తారు. ఇప్పుడు డీఎన్‌ఏ పరీక్ష తోడైంది. ఇలాంటి గుణాల్లో పశువుకూ పశువుకూ కనిపించే తేడాలో సుమారు మూడో వంతు నుంచి సగం దాకా వంశం వల్ల వచ్చేదే. మెత్తదనం మాత్రం అంత తేలిగ్గా లొంగదు. కోశాక కండను మెత్తబరిచే ఎంజైములకు అడ్డుపడే కాల్పాస్టాటిన్ మూపురం పశువుల్లో జోరుగా పనిచేస్తుంది. నెలోర్ మాంసం గట్టిదన్న పేరుకు అదొక కారణం.

ఒంగోలు జాతి దుక్కికీ పాలకూ గదా, ఈ మాంసం గొడవ మనకెందుకని అడగొచ్చు. ఒప్పుకుంటాను; గిత్తను బ్రెజిల్ దారి పట్టించమనడం లేదు. మరి మాంసం కోసమే పెంచే నెల్లూరు గొర్రె మాటేమిటి? ఒక్క గుణం వెంటపడితే జాతి చెడుతుందన్నది ఇంకాస్త బరువైన అభ్యంతరం. బెల్జియన్ బ్లూ పశువుల్లో మయోస్టాటిన్ జన్యువు పనిచేయక కండ విపరీతంగా పెరిగింది. ఈతలు ఎక్కువగా సిజేరియన్ మీదే నడుస్తున్నాయి. అక్కడ జరిగిన పొరపాటు కండనొక్కదాన్నే లెక్కలోకి తీసుకోవడం. ఈత, పాలు, ఎండకు ఓర్పు కూడా కండతో పాటు అదే కొలతల పుస్తకంలోకెక్కాలి. ఇక మన గొర్రెల సంగతికొస్తే, తెలంగాణ 2017లో మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. పుట్టే పిల్లలన్నిటి జన్యువుల్లో సగం ఆ ఒక్కదానివే. అలాంటి పొట్టేలును కొనేటప్పుడు ఒడ్డూపొడుగూ చూస్తే చాలదు. దాని తండ్రి ఏది, ఆ తండ్రికి పుట్టిన మిగతా పిల్లలు మూడు నెలలకు ఎంత తూగాయి అన్న కాగితం అడగాలి. ఆ కాగితం తయారుచేయించే ఖర్చు ఇలాంటి ఏ పథకంలోనైనా మొదటి పద్దు కావాలి.