గరిడీ కాదు, గారడీ

కుంగ్‌ఫూ చిత్రాల ప్రస్తావన వస్తే చాలు, మన సాహిత్యాభిమానులు రెండు పక్షాలుగా చీలిపోతారు. "అవి తన్నులాటలండీ, వాటిలో రసమెక్కడిది?" అని ముఖం తిప్పుకొనేవారు ఒక పక్షం. "ఆ విద్య మనదే, బోధిధర్ముడు పట్టుకొనిపోయి చీనావాళ్ళకు నేర్పాడు" అని ఛాతీ విరుచుకొనేవారు మరొక పక్షం. ఈ రెండూ నాకు సమ్మతం కావు. మొదటిది చూడకుండా చెప్పే తీర్పు. రెండవది అంతకంటె చెడ్డదైన ఆత్మవంచన. మిత్రులు కోపగించుకొన్నా సరే, ఈ టపాలో ఉన్నమాట వ్రాయదలచాను.

ముందు బోధిధర్ముని సంగతి తేల్చుకుందాం. 2011లో తమిళం నుండి 'సెవెన్త్ సెన్స్' అనువాదమై వచ్చిన తర్వాత ఈ వాదానికి కొమ్ములు మొలిచాయి. చీనా వాఙ్మయంలో ఆయనను గూర్చిన తొలి ప్రస్తావన క్రీ.శ. 547 నాటి యాంగ్ షువాన్‌జీ రచనలో ఉన్నది. అందులో ఆయన పారశీకం నుండి వచ్చిన ముదుసలి భిక్షువు. ఒక ఆలయ వైభవాన్ని చూచి అబ్బురపడి చేతులు జోడించాడట, అంతే. ఆయన దక్షిణభారతీయుడన్న మాట టాన్‌లిన్ అనే మరొకరి వ్రాత వలన వచ్చింది. ఈ రెండింటిలోనూ పిడిగుద్దుల ఊసు లేదు. ఆయనను షావోలిన్ వ్యాయామవిద్యకు ముడిపెట్టిన 'యీజిన్ జింగ్' పదిహేడవ శతాబ్దపు పుస్తకం. అంటే ఆయన కాలానికి వెయ్యేళ్ళ తర్వాతిది. దాని పీఠికలు నమ్మదగినవి కావని టాంగ్ హావ్ అనే చీనా పరిశోధకుడే 1930 ప్రాంతంలో తేల్చి చెప్పాడు. మన ఇంట దీపం పెట్టుకోవడం మాని, పొరుగింటి దీపంలో నూనె మాదేనని తగవుకు దిగడం ఏమి గొప్ప?

మన ఇంట దీపం లేదా అంటే, ఉన్నది. దాని పేరు సాము. భాషాపండితుణ్ణి కనుక మాటతోనే మొదలుపెడతాను. 'శ్రమము'నకు వికృతి 'సాము'. సంస్కృతంలో శ్రమ శబ్దానికి అలసట, కష్టం అన్న అర్థాలతోపాటు ఆయుధాభ్యాసమన్న అర్థమూ ఉన్నది. తెలుగువాడు ఆ అర్థాన్నే ప్రధానం చేసుకొని కత్తిసాము, కర్రసాము అన్నాడు. సాము నేర్పే చోటు సాముకూటము, లేదా గరిడీ. ఇక చీనావారి 'కుంగ్‌ఫూ' మాటకు మూలార్థం కొట్లాట కానే కాదు. కాలం వెచ్చించి, కష్టపడి సాధించిన నేర్పు అని దాని అర్థం. వంటవాని నేర్పునూ, వ్రాయసకాని నేర్పునూ కూడా వారు ఆ మాటతోనే చెబుతారు. దూరదూరాన ఉన్న రెండు జాతులు ఒక విద్యకు శ్రమ అనే పేరు పెట్టుకొన్నాయి. వారి సినిమా ఆ పేరును నిలబెట్టింది. మన సినిమా దానిలోని శ్రమను తీసివేసింది. నా అభియోగం ఇంతే.

తన్నులాటలని ఈసడించేవారికి ఒక చిత్రం చూపిస్తాను. 1972లో షా బ్రదర్స్ సంస్థ హాంకాంగులో తీసిన 'కింగ్ బాక్సర్'. దర్శకుడు చంగ్ చాంగ్ హ్వా కొరియా దేశస్థుడు, నాయకుడు లో లియే. 1973లో అమెరికాలో 'ఫైవ్ ఫింగర్స్ ఆఫ్ డెత్' అనే పేరుతో విడుదలై, అక్కడ కుంగ్‌ఫూ వెర్రికి తలుపు తీసినది ఇదే. కథ రెండు గరిడీల వైరం. పోటీలో గెలిచిన గరిడీకి ఆ ప్రాంతమంతటా పెద్దరికం దక్కుతుంది. ఎదుటి గరిడీవాడు అధర్మానికి దిగి, కిరాయి మనుషులను దించి, నాయకుని చేతులు విరగగొట్టిస్తాడు. ఇందులో నన్ను కట్టిపడవేసినది నాయకుని అరచేతులు ఎర్రగా మండే ఘట్టం కాదు. కథ మొదట్లో, చిన్నప్పటి నుండి పెంచి విద్య నేర్పిన ముసలి గురువు, "నా దగ్గర ఉన్నది నీకు చాలదు, నాకంటె పెద్దవాడు ఫలానా ఊళ్ళో ఉన్నాడు, అక్కడికి వెళ్ళు" అనే భావంతో శిష్యుణ్ణి పంపివేస్తాడు. తన పరిమితి తాను ఎరిగి శిష్యుణ్ణి పైమెట్టుకు సాగనంపడం ఉపాధ్యాయవృత్తిలో ఎంత కష్టమో, బళ్ళో బ్రతుకు వెళ్ళదీసినవాడికి తెలుస్తుంది. ఇటువంటి గురువు ఒక్కడైనా మన తెరమీద కనబడ్డాడా?

ఇక 1978 నాటి 'థర్టీ సిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్' ఈ విషయంలో ఉద్గ్రంథమే. తీసినవాడు లావ్ కార్ లుంగ్. ఆయన తండ్రి లావ్ చామ్, తండ్రికి గురువు లామ్ సాయ్ వింగ్, ఆ గురువుకు గురువు వాంగ్ ఫే హుంగ్. మన శాస్త్రగ్రంథాలలో చెప్పుకొన్నట్లు గురుపరంపర చెప్పుకోగల దర్శకుడు! నాయకపాత్ర వేసిన గోర్డన్ ల్యూ కూడా ఆ ఇంటి శిష్యుడే. కథలోని యువకుడు మఠంలో చేరగానే అన్నిటికంటె పైగదిలోనే నేర్చుకుంటానని తొందరపడతాడు. అక్కడి పెద్దల మంత్రోచ్చారణ ముందు నిలువలేక వెనక్కి పడి, అట్టడుగు గదికి దిగివస్తాడు. అక్కడి పాఠమేమిటి? నీటిమీద తేలే కట్టెల మోపుపై అడుగుపెట్టి దాటితేనే అన్నశాల చేరగలడు. తప్పితే నీళ్ళలో పడతాడు. ఆ తరువాతి పాఠంలో చేతులు బారచాచి నీళ్ళకడవలు మోయాలి. చేయి వాలిందా, దండకు కట్టిన కత్తి ప్రక్కటెముకలలో గ్రుచ్చుకుంటుంది. చిత్రంలో దగ్గరదగ్గర సగభాగం ఈ అభ్యాసమే. శత్రువు కనబడడు, తన్నులాట లేదు, నాయిక లేదు. అయినా ప్రేక్షకుడు కదలడు. నేర్చుకోవడమే కథావస్తువు కాగలదని నిరూపించిన చిత్రమది.

1980లలో వీడియోలు మన్యానికీ వచ్చినప్పుడు, రంపచోడవరం చుట్టుప్రక్కల వసతిగృహాల పిల్లలు ఈ చిత్రాలను ఎగబడి చూచేవారు. భాష ఒక్క ముక్క తెలియదు. మరునాడు తెల్లవారుజామున చూద్దును గదా, ఒకడు బావి దగ్గర రెండు బకెట్లు పట్టుకొని చేతులు బారచాచి నిలబడి ఉన్నాడు; ఇంకొకడు ఇసుకసంచిని గుద్దుతున్నాడు. తెలుగు సినిమా చూచిన మరునాడు వాళ్ళే జుట్టు ఎగదువ్వుకొని, చొక్కా గుండీలు రెండు విప్పుకొని తిరిగేవారు. ఏ చిత్రం ఏమి నేర్పినదో ఇంతకంటె విమర్శ అక్కరలేదు.

మన చిత్రాలలో వీరుడు నేర్చుకోడు, పుడతాడు. ఫలానావారి కొడుకు, ఫలానా వంశం, ఆ రక్తం. తొడగొట్టగానే బండ్లు గాలిలోకి లేస్తాయి. ఎక్కడ నేర్చుకొన్నాడయ్యా అంటే సమాధానం లేదు. 'తమ్ముడు' (1999) వంటి చిత్రంలో అభ్యాసం ఉన్నది కాని, అది ఒక పాటలో తెమిలిపోతుంది. 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి' (2003)లో పిడిగుద్దుల విద్య తండ్రి నుండి కొడుకుకు ఆస్తివలె దిగుతుంది. 'భద్రాచలం' (2001) పేరులో మన గోదావరి ఉన్నది కాని, అందులోని విద్య కొరియావారి తైక్వాండో. సాముకూటమని పిలువదగిన చోటు ఎక్కడా లేదు. గరిడీ అంటే సాము నేర్పే చోటు, గారడీ అంటే కనికట్టు. ఈ రెండు మాటలను తారుమారు చేసేవారిని తరగతిలో దిద్దేవాణ్ణి. మన సినిమా ఒక దీర్ఘం అటుదిటుచేసి మొత్తం విద్యనే తారుమారు చేసింది.

ఇక్కడ మా మన్యానికి సంబంధించిన మాట ఒకటి చెప్పకతప్పదు. లో వే దర్శకత్వంలో బ్రూస్ లీ నటించిన 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' 1972లో వచ్చింది. కృష్ణ నటించిన 'అల్లూరి సీతారామరాజు' 1974లో వచ్చింది. ఈ రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. అక్కడ షాంఘైలో హువో యువాన్‌జియా 1910లో పోయాడు, ఆ ఏడే మొదలైన జింగ్వూ గరిడీ నిజం. శిష్యుడు చెన్ జెన్ కల్పితం. గురువు సంతాపసభకు జపాను గరిడీవారు "తూర్పు ఆసియా రోగిష్ఠులు" అని వ్రాసిన పలకను కానుకగా తెస్తారు. శిష్యుడు ఒంటరిగా పోయి, ఆ వ్రాతను వాళ్ళచేతనే నమిలించి వస్తాడు. పరాయి ప్రభుత్వం చేసే అవమానం, ఎదిరించిన ఒక్కడు, తనవారిని విడిపించడానికి తాను లొంగిపోవడం, చివరికి తుపాకుల ఎదుట మరణం: రెండు చిత్రాలకూ ఎముకలు ఒకటే. తేడా ఒక్కటే. చెన్ జెన్ చనిపోయేది తన గరిడీ బ్రతకడానికి. ఆ గరిడీలో అతడు ఒక శిష్యుడు మాత్రమే, తోటి శిష్యులకు ముఖాలున్నాయి, అభిప్రాయాలున్నాయి, అతనితో వాదిస్తారు. మన చిత్రంలో రాజు అవతారపురుషుడు, కొండవారు ఎక్కువపాళ్ళు భక్తజనం.

కృష్ణగారి చిత్రం గొప్పది కాదని అనడం లేదు. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రమది. చింతపల్లి అడవులలో కష్టపడి తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావు చిత్రం పూర్తికాకముందే కన్నుమూశారు. కాని చరిత్ర ఏమంటున్నది? 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: మూడు రోజులలో మూడు ఠాణాలు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందునడిచిన దేశీయ సిపాయిలను దాటిపోనిచ్చి, వెనుకవస్తున్న తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్‌ను, హైటర్‌ను గురిచూచి కొట్టారు. అక్టోబరు 15న అడ్డతీగల, 19న పట్టపగలు రంపచోడవరం. కనుమలో ఊపిరి బిగబట్టి, ముందువాళ్ళను వదిలి వెనుకవాళ్ళకోసం కాచుకోవడం మంత్రం కాదు. అది వేట నేర్పిన విద్య. తాతదగ్గర, తండ్రిదగ్గర, జొన్నచేల కాపలా మంచెలమీద, జంతువు జాడలో ఏళ్ళతరబడి చేసిన సాము. రాజు మహావ్యూహకర్త, సందేహం లేదు. గాం గంటందొర, గాం మల్లుదొర, వారి వెంటనున్న కొండవారు ఆ వ్యూహానికి చేతులు. ఆ చేతులు ఎట్లా తయారయ్యాయో చూపించిన రీలు ఒక్కటీ లేదు.

'ఆర్ఆర్ఆర్' (2022) మాటేమిటని అడుగుతారు. న్యాయంగానే చెబుతాను: అందులో తండ్రి ఊరివారికి తుపాకి పట్టడం నేర్పే ఘట్టం ఉన్నది, అది బాగున్నది. కాని చివరకు రాముని చేతికి విల్లు వచ్చేది అడవిలోని శ్రీరామ విగ్రహం దగ్గరనుండి. తుపాకికి గురువున్నాడు, విల్లుకు మాత్రం వరమే. విల్లు పుట్టింటిలో, విలుకాండ్ర నడుమ, ఆ విల్లు నేర్పే మనిషి ఒక్కడూ దొరకలేదా?

మనకు గరిడీ కథ తెలియదా అంటే, తెలుగు కావ్యం పుట్టినప్పుడే తెలుసు. నన్నయగారి ఆదిపర్వంలో ద్రోణుని విద్యాశాల ఉన్నది, కుమారాస్త్రవిద్యా ప్రదర్శనం ఉన్నది, ద్రోణద్రుపదుల పగ ఉన్నది. ఆ విద్యాశాలలో చోటు దొరకని కొండకుర్రవాడు ఏకలవ్యుడు కూడా ఉన్నాడు. మట్టి బొమ్మ ఎదుట తనంత తాను శ్రమించి నేర్చుకొన్నాడు. నేర్చిన దానికి బొటనవ్రేలు చెల్లించాడు. ఇప్పుడు షావోలిన్ కథ ముగింపు గుర్తుచేసుకోండి. ముప్పయ్యైదు గదులు దాటిన యువకుణ్ణి, ఏ గదికి పెద్దవుగా ఉంటావని అడుగుతారు. అతడు, మామూలు జనానికి నేర్పే ముప్పయ్యారవ గది ఒకటి కావాలంటాడు. అది మఠం నియమానికి విరుద్ధం. పెద్దగురువు శిక్ష విధించినట్లే విధించి, బయటికి పంపి, ఆ పని జరగనిస్తాడు. మన కథలో మూసిన తలుపును వారి కథ తెరిచింది. ఈ పోలికమీద ఒక్క తెలుగు చిత్రమైనా రాకపోవడం నాకు ఆశ్చర్యం కాదు, సిగ్గు.

మరపు సినిమావారిదొక్కటే కాదు, మనదీ ఉన్నది. కోడి రామమూర్తినాయుడుగారి పేరు చెప్పగానే ఏమి జ్ఞాపకం వస్తుంది? రొమ్ముమీద ఏనుగు, తెగిన ఇనుపగొలుసులు. ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన బడిలోనే వ్యాయామోపాధ్యాయుడైన సంగతి ఎందరికి జ్ఞాపకమున్నది? ఏనుగును గుర్తుపెట్టుకొన్నాం, డ్రిల్లుమాస్టరును మరచిపోయాం.

గోదావరి దిగువన అమలాపురం వెళితే, దసరా నాడు వీధివీధికీ ఒక వాహనం, దాని ముందు చెడీ తాలింఖానా. తాలీం అంటే నేర్పు, శిక్షణ. ఖానా అంటే ఇల్లు. అచ్చంగా మన గరిడీయే, అరబ్బీ పారసీకాల వేషం వేసుకొన్నది. కొంకాపల్లిలో 1856లో మొదలైనదని అక్కడివారు చెప్పుకొంటారు. మహిపాలవీధి, గండువీధి, ఇట్లా వీధికొక జట్టు. ఏ వీధివాడు బాగా తిప్పాడన్నది ఏడాది పొడుగునా నడిచే పంతం. కళ్ళకు గంతలు కట్టుకొని, పడుకొన్న మనిషి మీద పెట్టిన కాయను కత్తితో రెండుచెక్కలు చేస్తారు, చర్మం చెక్కుచెదరదు. క్రింద పడుకొన్నవాని నమ్మకం, పైనున్నవాని అభ్యాసం, ప్రక్కనున్న పెద్దవాని కన్ను, ఎదుటివీధివాళ్ళ ఓర్వలేని చూపు: పోటీ గరిడీల కథకు ఇంకేమి కావాలి? హాంకాంగు పోనక్కరలేదు, రావులపాలెంలో బస్సు మారితే చాలు.

"అది పండుగ వేడుక, కథ కాదు" అంటారేమో. పత్రికలవారు కూడా విజయదశమి మరునాడు ఒక ఫోటో వేసి ఊరుకొంటారు. ఫోటోలో కత్తి మెరుస్తుంది. కథ కావలసినవారు పండుగకు ముందే, సాధన జరిగే సాయంకాలాలలో ఆ వీధులకు వెళ్ళి, కర్ర జారవిడిచిన కుర్రవాణ్ణి పెద్దాయన ఎన్నిసార్లు మళ్ళీ మొదటినుండి తిప్పిస్తాడో లెక్కపెట్టుకొని రండి.